పిల్ల మృగం ఏడుపు

(ఆదివారం పొద్దున. సినిమాలకి శబ్దాలు కలిపే గది. తండ్రి పని అదే. ముందురోజు తన కొత్త సినిమాకి కూతుర్నీ, ఆమె పదో తరగతి స్నేహితుల్నీ పంపించాడు.)

"బాగుందంటే? బాగుందని అందరూ అంటారు. నువ్వు చెప్పు."

"బాగుంది నాన్నా. చెప్పాగా."

"పిచ్చుకా, రెండేళ్ళు కూర్చున్నానే ఈ సినిమా మీద. ఒక్క ముక్కలో తేల్చేస్తావా?"

"నిజం చెప్పనా?"

"నిజమే చెప్పు."

"హీరో ఒట్టి దండగ. అంత పెద్ద జంతువు వంతెన విరిచేస్తుంటే నిలబడి డైలాగులు చెప్తాడు. పాపం అది కూడా మర్యాదగా ఆగి వింటుంది."

"హహ్హ! అది నా తప్పు కాదు. డైరెక్టర్ని అడుక్కో."

"సైంటిస్టుగా వేసినావిడ మూడుసార్లు నీళ్ళలో పడుతుంది. జుట్టు మాత్రం తడవదు."

"అదీ చూశావూ! ఇంకా?"

"మృగం నచ్చింది. పెద్దది. తల్లిది."

"దాని అరుపు ఎలా చేశానో తెలుసా? కొట్టుకి వేసే ఇనప షట్టరు ఉంటుందే, దాన్ని..."

"అరుపు సంగతి తర్వాత. అది ఊరి మీద కోపంతో రాలేదు నాన్నా. దాని పిల్లని గోడల వెనక దాచేశారు. అందుకొచ్చింది. కోట్లు వేసుకున్న అంతమంది పెద్దవాళ్ళకి ఆ సంగతి తట్టడానికి రెండు గంటలు పట్టింది. నాకైతే చిరాకేసింది."

"అదేగా కథ! మరి ఆ పిల్ల ఏడ్చే సీను? హాల్లో ఎలా ఉంది?"

"ఎవరూ కిక్కురుమనలేదు. నా పక్కన మా క్లాసమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. మీ నాన్న గొప్పోడే అంది."

"అందా? అలా అందా? డైరెక్టరైతే నన్ను వాటేసుకున్నాడు తెలుసా. సినిమాని నిలబెట్టింది ఆ ఏడుపే అన్నాడు. నీక్కూడా ఏడుపొచ్చిందా?"

"నేను లేను."

"లేవా?"

"సగంలో లేచి బయటికెళ్ళిపోయా. మెట్ల మీద కూర్చున్నా."

"అదేంటే? కడుపులో నొప్పా? నాతో చెప్పలేదే?"

"ఆ ఏడుపు దేంతో చేశావు నాన్నా?"

"అదా... అవీ ఇవీ కలిపాను. ఏనుగు పిల్ల. కొంచెం కుక్కపిల్ల. తలుపు కిర్రుమనేది ఒకటి. అన్నీ కలిపి వేగం తగ్గించాను."

"అంతేనా?"

"అంతే. ఏం?"

"ఏడుస్తూ ఏడుస్తూ ఎక్కిళ్ళు వస్తాయి. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. మళ్ళీ రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఏనుగులకి అలా వస్తాయా?"

"వస్తే వస్తాయి. నాకేం తెలుసు."

"నాకలాగే వస్తాయి."

"ఎక్కిళ్ళు అందరికీ వస్తాయే. టీ తాగుతావా? కింద చెప్పొస్తాను, ఉండు."

"నాన్నా."

"చక్కెర తక్కువే కదా నీకు?"

"నాన్నా, అది నా ఏడుపేనా?"

"అల్లం వెయ్యమననా టీలో?"

"నిన్నే అడుగుతున్నా."

"ఒక ముక్క. చిన్న ముక్క. నీకప్పుడు నాలుగేళ్ళు. జ్వరం. ఇంజెక్షన్ చేయిస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చావ్. పాత రికార్డింగు దొరికింది, సీనుకి అతికినట్టు సరిపోయింది. అంతే తల్లీ."

"నన్ను అడగలేదేం?"

"ఏమని అడుగుతాను? చూశాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

"నేను ఏడిస్తే ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని వింటోంది నాన్నా. పాప్‌కార్న్ తింటూ."

"అది నువ్వని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది. ఇంజెక్షన్ ఎక్కడ చేయించావ్?"

"ఎక్కడేంటి? ఆస్పత్రిలో."

"ఆస్పత్రికి మైకు పట్టుకెళ్ళావా?"

"ఇంటికొచ్చాక... ఇంటికొచ్చాక కూడా ఏడ్చావ్. ఎప్పటి మాటో. అన్నీ గుర్తుంటాయా మనిషికి?"

"నీకు గుర్తుంటాయి. ఏ చప్పుడు ఏ రోజు పట్టావో కూడా చెప్తావ్."

"సరే. సరే! ఇంజెక్షన్ కాదు. మీ అమ్మ వెళ్ళిపోయిన రోజు అది. చాలా? నీకెందుకు గుర్తు చెయ్యాలని దాచాను. అందులో తప్పేముంది?"

"అమ్మ వెళ్ళేటప్పుడు నేను నిద్రపోతున్నానన్నావ్."

"లేచాక ఏడ్చావ్. లేచి ఇల్లంతా వెతుక్కున్నావ్. ఎత్తుకున్నాను, ఊరుకోబెట్టాను. నేను మాత్రం ఏం చెయ్యను?"

"ఎత్తుకున్నావా, రికార్డు చేశావా?"

"మైకు ఆపడం మర్చిపోయానే! అప్పట్లో ఇంట్లో మూల గదే కదా నా స్టూడియో. పదకొండేళ్ళు ఆ ఫైలు జోలికి పోలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద వెయ్యకు."

"ఈ సీనుకి ఏం పెట్టినా బొమ్మ ఏడ్చినట్టుంది. డైరెక్టరేమో నెత్తి మీద కూర్చున్నాడు. అప్పుడు తీశాను. వింటూ నేనూ ఏడ్చాను. తప్పే. కాళ్ళు పట్టుకోమంటావా?"

"వద్దు."

"మరి అలా చూడకు. ఏదో ఒకటి అను."

"అమ్మ ఎప్పుడు వెళ్ళింది?"

"మళ్ళీ మొదటికొచ్చావా? ఎండాకాలం. వందసార్లు చెప్పాను."

"వెళ్ళాక మళ్ళీ రాలేదు."

"రాలేదు. గుమ్మం తొక్కలేదు. బతికున్నావా అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడెందుకివన్నీ? నిన్ను పెంచింది నేను కాదా? జడ వెయ్యడం నేర్చుకున్నాను నీకోసం. స్కూల్లో తల్లులందరి మధ్యా ఒక్కణ్ణే మగాణ్ణి, సిగ్గు చంపుకుని కూర్చునేవాణ్ణి. అవేవీ గుర్తు రావా?"

"వస్తాయి. అందుకే నిన్నట్నుంచీ నీ దగ్గర నిజం వినాలని చూస్తున్నా."

"విన్నావుగా."

"పొద్దున్న నీకన్నా ముందే వచ్చానిక్కడికి. వాచ్‌మన్ తాత తాళం తీశాడు."

"ఎందుకు?"

"ఆ ఫైలు కోసం. 'పిచ్చుక' అనే ఉంది, పేరు కూడా మార్చలేదు నువ్వు. దాని మీద తేదీ నవంబరు నాన్నా. ఎండాకాలం కాదు."

"పాత మిషన్లు. తేదీలు తప్పులు పడేవి."

"వేగం మామూలుగా పెట్టుకుని విన్నాను. ఎలా పెట్టాలో నువ్వే నేర్పావుగా."

"ఎంత... ఎంతవరకు విన్నావ్?"

"మొత్తం. ఇరవై రెండు నిమిషాలు. మొదట్లో నీ గొంతుంది. 'ఇదొక ఆట, నేను తలుపు తీసేదాకా బయటికి రాకూడదు' అన్నావ్. తర్వాత బయట గడియ పడింది."

"పిచ్చుకా, నా మాట విను. నీకు అప్పటి సంగతులు తెలీవు."

"ఏనుగు పిల్ల లేదు అందులో. కుక్కపిల్లా లేదు. నేనొక్కదాన్నే. ఎవరూ ఎత్తుకోలేదు, ఎవరూ ఊరుకోబెట్టలేదు. అరిచీ అరిచీ చివర్న నిద్రపోయినట్టున్నా, ఊపిరి మాత్రం వినిపిస్తోంది."

"ఆపెయ్యవే."

"గోడల నిండా స్పాంజి కదా. లోపల ఎంత అరిచినా బయట ఎవరికీ వినపడదు."

"ఆపమన్నానా!"

"వేగం తగ్గించేసరికి అది ఏడుపులా అయిపోయింది నాన్నా. కానీ అవి మాటలు. చెప్పనా?"

"వద్దు. వద్దు తల్లీ."

"'నాన్నా, తలుపు తియ్యి. అమ్మొచ్చింది. గేటు దగ్గర నేను చూశాను. నాకోసం వచ్చింది, తలుపు తియ్యి నాన్నా.'"