బొచ్చె పొలుసు పొడి

ఏలూరు చేపల మార్కెట్లో బొచ్చె చేపకు పొలుసు గీస్తున్న తల్లి ముందు కూతురు పొడి కలిపిన నీళ్ల గ్లాసు పెట్టింది.

"తాగి చెప్పమ్మా. నీ ముక్కుకు నీచు వాసన తగిలితే, చర్మం కోసం జనం తాగే ఈ కొలాజెన్ పొడి, నేను చేసింది, రేపు ఫ్యాక్టరీ గేటు దాటదు."

"దేంతో చేశావే?"

"నువ్వు గీసి పారేసే పొలుసుతోనే."

తల్లి వాసన చూసింది. తాగింది. మళ్లీ కత్తి అందుకుంది.

"అమ్మా, చెప్పవే!"

"నీచు లేదు. మరి నా ముడతలు పోతాయా?"

"పోతాయని ఇంకా తేలలేదమ్మా. అందుకే డబ్బా మీద ఆ మాట రాయనివ్వలేదు."

"ఎవరు?"

"నేనే. మా సార్‌కి కోపమొచ్చింది."

తల్లి పక్క కొట్టుకేసి కేకేసింది.

"ఏవండీ జుబేదా గారూ, ఇలా రండి! మా అమ్మాయి చేసింది. నీచూ లేదు, అబద్ధమూ లేదు!"