పన్నెండుకు మారిన ఇంటర్వ్యూ

ఉదయగిరిలో గురువారం సాయంత్రం. తండ్రి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, కూతురు ఫోను పట్టుకుని వచ్చింది.

“నాయనా, రేపు ఆత్మకూరు స్కూల్లో నా ఇంటర్వ్యూ పదీ నలభై అయిదుకు. క్యాలెండర్‌లో పన్నెండని ఎవురు మార్చినారు?”

“నేనేమ్మా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం గదా. అట్టా కనిపిస్తావుంటే మనసొప్పలా. నా ఫోన్లోనే గదా అని మార్చుకున్నా.”

“ఇద్దరికీ ఒకటే క్యాలెండర్ నాయనా. నువ్వు మారిస్తే నాకూ మారిపోతాది. ఇప్పుడు స్కూలోళ్లు ఫోన్ చేసినారు కాబట్టి సరిపోయింది. లేకుంటే పన్నెండుకు పోయి, ఉద్యోగం పోగొట్టుకునేదాన్ని.”

అతను చేతిలోని కాయ పక్కన పెట్టేశాడు. కూతురే మళ్లీ అంది.

“ఆత్మకూరు పోవాలంటే ఎనిమిదిన్నర బస్సెక్కాల. గడప దాటేటప్పుడు రాహుకాలం ఎక్కడుండాది?”

“అవును గదా! నాకు తట్టనే లేదే.”

“నువ్వు మార్చే వీల్లేకుండా చేస్తుండా. ఇంక చూసేదొకటే.”

“చూసేదుంటే చాలమ్మా. మీ అమ్మ పోయినాక, నువ్వొచ్చే టైమ్ అందులో చూసుకునే గదా పొయ్యి వెలిగిస్తుండా.”

కూతురు క్యాలెండర్ తెరిచింది. ఫోన్లో ఏదో రాసింది. చిక్కుడుకాయల పక్కన అతని ఫోను మోగింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

‘శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు: నాయనతో అన్నం.’