తడకల గుడిసెలో చూపులు

మానుకోట శివారులో ఒకప్పటి చెత్తకుంట ఇప్పుడు పిట్టల చెరువైంది. ఎండాకాలం పొద్దున్నే, గట్టు మీది తడకల గుడిసెలో, మరిపెడ నుంచి వచ్చిన రాజమౌళి దుర్భిణి కళ్లకు అతికించుకొని కూర్చున్నాడు. పక్కన కురవి నుంచి వచ్చిన యమున. ఇద్దరూ అంత దీక్షగా చూస్తున్నది పిట్టల్ని మాత్రం కాదు.

"కనవడ్తున్నరా లేదా, గదన్న చెప్పుర్రి."

"ఉండుర్రి యమునగారూ. నడిమిట్ల కొంగ నిలవడ్డది, జరుగుతలేదు."

"కొంగనిడిసిపెట్టుర్రి. గా గట్టు కొసకు మా మధు ఏం చేస్తున్నడు?"

"నిలవడ్డడు."

"మీ బిడ్డ?"

"మా కవిత గూడ నిలవడ్డది."

"మాట్లాడుకుంటలేరా?"

"ఇద్దరి నడుమ బర్రె పట్టేంత జాగున్నది. పెళ్లిచూపులకొచ్చి గిట్ల నిలవడ్తరా ఎవరన్న?"

"మా వానికి సిగ్గు. ఏది, నాకియ్యుర్రి గా దుర్భిణి."

"ఇప్పుడే గదా మీరు చూసిర్రు."

"నాకు నీరుకాకి తప్ప ఏం కనవడలే. తీగె మీద అంగీ ఆరేసినట్టు రెక్కలు ఆరేస్కొని కూసున్నది. జర ఇయ్యుర్రి అన్నా..."

"అన్న అనకుర్రి."

"మరేమనాలె?"

"సంబంధం ఖాయం గానియ్యుర్రి, అప్పుడు వరుస చూసుకుందాం. నేను మిమ్ముల్ని అక్క అంటున్ననా? పేరు వెట్టి పిలువుర్రి."

"మొగోళ్లని పేరు వెట్టి పిలుసుడు నాకలవాటు లేదు."

"అయితే ఏం పిలువకుర్రి. మెల్లగ మాట్లాడుర్రి. పిట్టలు లేస్తయని మా బిడ్డ ముందే కసిరింది. గుడిసెల్నే కూసో బాపు, నేను పిలిచేదాంక బయటికి రాకు అన్నది."

"మా వాడు గూడ అచ్చం గదే మాటన్నడు! పెళ్లిచూపులని మీకు ఆమె చెప్పిందా?"

"ఆడివిల్ల నోరు తెరిచి చెప్తదా? 'ఆదివారం పిట్టలకాడికి రా బాపు, నాతోటి పిట్టలు చూసే మధు వాళ్లమ్మ గూడ వస్తున్నది' అన్నది. నేను సమజ్ చేస్కున్న."

"నేను గూడ గట్లనే సమజ్ చేస్కున్న. గందుకే గీ పట్టుచీర. చెమట కారుతున్నది."

"ఒక మాట చెప్పాల్నా? ఈ సంబంధం గూడ తప్పితే నేను తట్టుకోలేను. వాళ్లమ్మ పోయినకాడ్నుంచి ఎవ్వరొచ్చినా కవిత ఒక్కటే మాట. బాపు ఒక్కడే అయితడు, నేను చేస్కోను అంటది. నా మూలంగ దాని బతుకు ఆగిపోయింది."

"మా ఇంట్ల గూడ గదే కత. మధుకు పుణెల నౌకరి వచ్చింది. అమ్మనిడిసి పోను అంటడు. వాళ్ల నాయిన లేకున్నా నేను రొట్టెలు కాల్చుకొని బతుకుతనే ఉన్న గదా, పోరా అంటే ఇనడు."

"మీది రొట్టెల దుకాణమా?"

"గుడికి పోయే తొవ్వల. జొన్నరొట్టె, సర్వపిండి. డబ్బల తెచ్చిన, తింటరా?"

"ఇప్పుడా? పెళ్లిచూపుల్లనా?"

"చూపులు వాళ్లయి. మనకేంది?"

"సరే, ఒక్క ముక్క... మంచిగున్నది. ఇంకొక్కటి ఇయ్యుర్రి... కరకరలాడుతున్నది."

"కండ్లల్ల నీళ్లొస్తున్నయేంది?"

"కారం."

"నేను కారం తక్కువేసిన."

"అయితే ఎండ."

"గుడిసెల ఎండేడిది?"

"ఏం చెప్పాలె? ఆమె పోయినంక ఇంటి సర్వపిండి తినుడు గిదే మొదలు. డబ్బ జర గిటు జరుపుర్రి."

"అంత తినుర్రి. మీరేం పని చేస్తరు?"

"మోటర్లకు వైండింగ్."

"మా పిండి గ్రైండర్ మోటర్ లొల్లి చేస్తున్నది."

"ఎట్ల? గుర్రుమంటదా, కిర్రుమంటదా?"

"గుర్రు."

"బేరింగ్ పోయింటది. రేపొచ్చి చూస్త."

"మరిపెడ నుంచి కురవికా? గ్రైండర్ కొరకా?"

"మోటర్ను గట్ల ఇడిసిపెట్టొద్దు. కాలిపోతది."

"అయ్యో, పిల్లల్ని మరిచినం! ఏది దుర్భిణి... గిదేంది?"

"ఏమైంది? కొట్లాడుకుంటున్నరా?"

"వాళ్లు చెరువు దిక్కు చూస్తలేరు. ఇద్దరూ దుర్భిణ్లు మన దిక్కే తిప్పిర్రు."

"మన యెనక పిట్ట ఉన్నదేమో."

"తడక ఉన్నది. మీ బిడ్డ నవ్వుతున్నది... మా వాని చెయ్యి మీద చెయ్యి చరిచింది!"

"చరిచిందా? అయితే ఖాయమే! హమ్మయ్య! యమునగారూ, ముహూర్తం..."

"ఆగుర్రి. ఏందో ఒర్లుతున్నది."

"నాకు నీటికోడి కూత తప్ప ఏం ఇనవడ్తలేదు."

"నాకు సాఫ్‌గ ఇనవడ్డది. 'మధన్నా, మా బాపు తింటుండు! నవ్వుతుండు గూడ!' అన్నది."

"మధన్న అనలేదు. నీటికోడే."

"నీటికోడి 'మా బాపు' అంటదా?"

"అయిపాయె. చేస్కునేటోన్ని అన్న అంటరా ఎవరన్న? సంబంధం పాయె. నా బిడ్డ ఇగ జిందగీల..."

"గా ముక్క కింద వెట్టి, నేను అడిగినదానికి చెప్పుర్రి. పట్టుచీర కట్టింది ఎవరు?"

"మీరు."

"తెల్లంగి ఇస్త్రీ చేస్కొని వచ్చింది?"

"నేను. కవితనే చేసిచ్చింది."

"ఫలహారం వెట్టింది, తిన్నది?"

"మీరు వెట్టిర్రు, నేను తిన్న."

"నౌకరేంది, ఇంట్ల ఎవరెవరున్నరని అడుక్కున్నదెవరు?"

"మనమే."

"దూరం నుంచి తొంగి చూస్తున్నదెవరు?"

"పిల్లలు... యమునగారూ! అయితే గీ చూపులు..."

"ఒర్లకుర్రి, పిట్టలు లేస్తయి. ఇందాక నేను మిమ్ముల్ని అన్న అంటుంటే ఆపిర్రు సూడుర్రి, మంచిపని చేసిర్రు."