చూపుకు నూరు మార్కులు

అభినందనలు మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్! వద్దు, కూర్చోను. మీరు డిపార్ట్‌మెంట్ హెడ్, నేను కాంట్రాక్టు లెక్చరర్ని. నిలబడి వినడం నాకు అలవాటే. ఇవాళ మాత్రం మీరు వినండి.

ఆన్‌లైన్ క్లాసులో మా కళ్లు ఎటు తిరుగుతున్నాయో కొలవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. కెమెరాలోకి చూస్తే శ్రద్ధ. కిందికి చూస్తే పరధ్యానం. ఆ మార్కుల్ని బట్టే ఎవరి కాంట్రాక్టు ఉంటుందో, ఎవరిది ఊడుతుందో! ఈ లెక్కన గోడమీద బల్లికి ప్రొఫెసర్ పోస్టు ఇచ్చేయొచ్చు, అది రెప్ప కూడా వేయదు.

పోయిన నెల మీటింగులో నన్ను అందరి ముందూ నిలబెట్టారు, గుర్తుందా? "మీ చూపు ఎప్పుడూ కింద కుడి మూలే ఉంటోంది, ఫోన్ చూసుకుంటున్నారా?" అన్నారు. మన సీనియర్ ప్రొఫెసర్, పెద్దసారు, పకపకా నవ్వారు. ఆయనకేం, అందరికన్నా ఎక్కువ మార్కులు! లాప్‌టాప్ వెనకాలే టీవీ పెట్టుకుంటారని పిల్లలందరికీ తెలుసు. ద్రవ్యోల్బణం చెబుతూ చెబుతూ "పోయింది, వికెట్ పోయింది!" అని అరిచిన మనిషి ఆయన. మీ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆ కళ్లలో అంకితభావం కనబడింది!

ఆ కుడి మూల ఏముందో ఎవరైనా అడిగారా? చాట్ ఉంది మేడమ్. అందులో కుట్టుమెషీన్ల అమ్మాయి ఉంది. బట్టల ఫ్యాక్టరీలో పని. ఫోన్‌ని మెషీన్‌కి ఆనించి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా క్లాసు వింటుంది. ఈ డిగ్రీ పూర్తయితే ఆ మెషీన్ల మోత నుంచి బయటపడతానని దాని ఆశ. మైకు ఆన్ చేస్తే మోత తప్ప ఏమీ వినబడదు, అందుకని టైపు చేస్తుంది. "సార్, సూపర్‌వైజర్ వచ్చాడు, గ్రాఫు మిస్సయ్యాను." "సార్, పోయాడు, ఇప్పుడు చెప్పండి." నేను చూసింది ఆ పిల్ల కోసం!

అవును, ఆవేశపరుణ్నే. "విద్య అంగడి సరుకు కాదు" అని నోటీసు బోర్డు మీద రాసిందీ నేనే. అందుకే పగబట్టాను. ఉద్యమాల వాళ్లం, మాకు పగకి కూడా ఒక సిద్ధాంతం ఉండాలి కదా! సమ్మె చేస్తే తీసేస్తారు. మరి రూలుని తు.చ. తప్పకుండా పాటిస్తే? యజమాని రూలే యజమాని మెడకి ఉచ్చు! ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో ఈ మాట.

అంతే. సోమవారం క్లాసులో కెమెరాలోకి చూపు గుచ్చాను. కన్ను జారకుండా చాట్ కనబడే చోట కాగితం అంటించాను. కళ్లు మండాయి, నీళ్లు కారాయి. పంతం! నూరు మార్కులు తెచ్చుకుని, ఆ రికార్డింగ్ తెచ్చి మీ ముఖాన కొడదామనుకున్నాను. "చూడండి, మీ నూరు మార్కుల క్లాసులో ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు" అందామనుకున్నాను.

నవ్వకండి మేడమ్. దయచేసి.

నూటికి నూరూ వచ్చాయి. క్లాసయ్యాక కాగితం పీకాను. "సార్, డిమాండ్ గీత ఎందుకు జరిగింది?" "సార్, ఒక్కసారి." "సార్, నా మెసేజ్ కనబడుతోందా?" ఆఖరిది... "సార్, మీరు సూటిగా నన్నే చూస్తున్నారు. మరి పలకరేం? నా మీద కోపమా?"

మర్నాడు అది క్లాసుకి రాకపోతే ఫోన్ చేశాను. వెనకాల అదే మోత. "పర్లేదు సార్, ఈ చదువు నాలాంటివాళ్లకి కాదని తెలిసొచ్చింది. పేరు తీయించేసుకున్నాను" అంది. బతిమాలాను. పెట్టేసింది.

మీ మీదికి గురిపెట్టి విసిరిన రాయి మేడమ్ అది. ఆ పిల్లకి తగిలింది. మీకేమో పూలదండలా కనబడుతోంది!

ఏమన్నారు? మిగతా లెక్చరర్లకి నేను శిక్షణ ఇవ్వాలా?

ఇస్తాను. ఎందుకివ్వను? పెద్దసారుని ముందు వరసలో కూర్చోబెట్టండి. అందరికీ నూటికి నూరు తెప్పిస్తాను. చాలా తేలిక. ఎవరు పిలుస్తున్నా సరే, కళ్లు దించకూడదు. అంతే.