దుప్పట్ల గదిలో మనిషి

దీవుల మధ్య తిరిగే గ్రీకు ఫెర్రీలో శనివారం అగ్నిప్రమాదపు డ్రిల్లు అప్పుడే ముగిసింది. దుప్పట్ల గది ముందు ముగ్గురు మిగిలారు. డ్రిల్లు నడిపే అధికారి, సెకండ్ మేట్ మెల్పో, డెక్కు మనుషులకి పెద్ద అయిన బోసన్ పాండెలిస్, స్ట్రెచర్ మీద ఇంకా పడుకునే ఉన్న గదులూ పక్కలూ చూసే ముసలి స్టీవార్డు అనేస్తిస్.

“లేవండి బాబాయ్, అయిపోయింది. ఇంకా పడుకునే ఉన్నారేంటి?”

“అయిపోయిందా తల్లీ? పైదాకా మోస్తారేమో అనుకున్నా. ఒరే పాండెలిస్, ఆ మలుపులో తల వైపు ఎత్తమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మెడ పట్టేసింది.”

“నీ మెడ సంగతి సరే బాబాయ్, నీ బరువుకి మా నడుములు విరిగాయి. తప్పిపోయిన మనిషి వేషం వేసేవాడు ముందురోజు కాస్త తక్కువ తినాలి.”

“నవ్వకండి బోసన్‌గారూ. నాకు నవ్వు రావట్లేదు.”

“ఇప్పుడేమైంది మెల్పోగారూ? మనిషి తప్పిపోయాడన్నారు. వెతికాం. దొరికాడు. నా కాఫీ ఇంకా వేడిగానే ఉంది, చూడండి కావాలంటే.”

“అదే నా బాధ! ఎక్కడ దొరికాడు?”

“ఇక్కడే. దుప్పట్ల గదిలో.”

“పోయిన శనివారం?”

“ఇక్కడే.”

“అంతకుముందు?”

“ఇక్కడే లెండి. ఏం, దొరికిన మనిషి దొరికినచోట దొరికితే తప్పా?”

“మీరు వెతకలేదు. మెట్లు దిగారు, నడవా చివరిదాకా పరుగెత్తారు, తలుపు తీసి ‘లే బాబాయ్’ అన్నారు. దాన్ని వెతకడం అంటారా? మధ్యలో అన్ని గదులున్నాయి, ఒక్క తలుపన్నా ముట్టుకున్నారా?”

“బాబాయ్ ఇక్కడున్నాడని తెలిశాక వాటితో పనేంటమ్మా?”

“తెలియకూడదు! తెలిస్తే డ్రిల్లెందుకు? బాబాయ్, మీరైనా చెప్పండి. వచ్చే శనివారం ఇంకోచోట దాక్కుంటారా?”

“ఎక్కడ తల్లీ?”

“ఎక్కడైనా. ఇంజిన్ గది పక్క స్టోర్లో.”

“ఆ ఇనుప నేల మీదా? నా మోకాళ్ళు చూశావా నువ్వు? ఇక్కడైతే దుప్పట్లున్నాయి, వెచ్చగా ఉంటుంది, సబ్బు వాసన. కాసేపు కునుకు పడుతుంది కూడా.”

“పొగలో తప్పిపోయినవాడికి కునుకేంటి బాబాయ్!”

“మరి తప్పిపోయాక ఇంకేం పనుంటుంది తల్లీ? ఎవరో ఒకరు వచ్చేదాకా పడుకోవడమేగా.”

“మెల్పోగారూ, నా మాట వినండి. ఈయన ఇంకోచోట దాక్కుంటే మేం వెతుకుతూ కూర్చోవాలి. ఈలోపు రేవు వచ్చేస్తుంది. లారీలు దిగాలి, లారీలు ఎక్కాలి. కెప్టెన్ ఎవర్ని తిడతాడు? మిమ్మల్ని కాదు, నన్ను.”

“నిజంగా పొగ వస్తే?”

“నా సర్వీసులో రాలేదు.”

“రాలేదు కాబట్టి రాదా?”

“అట్లా అనలేదు.”

“అన్నారు. మీరన్నది అదే. బోసన్‌గారూ, పొగలో మీ చెయ్యి మీకే కనపడదు. ఇది మీరు పుట్టి పెరిగినట్టు తిరిగే నడవానే కావచ్చు, పొగ నిండితే మీదో కాదో కూడా తెలీదు. అప్పుడు బుర్ర చెప్పినచోటికి పోకూడదు, గోడ తీసుకెళ్ళినచోటికి పోవాలి. ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు.”

“ఎలా వెతకాలి? చెప్పండి.”

“ఇప్పుడా? ఈయన ముందా? నాకు మనవరాలుందమ్మా, మీకు పాఠం అప్పజెప్పాలా నేను?”

“చెప్పండి.”

“చెప్పరా పాండెలిస్, నేనూ వింటా. బళ్ళో కూడా నీకు ఇదే అలవాటు, అడిగితేగానీ నోరు తెరవవు.”

“నువ్వు మూసుకో బాబాయ్. కుడిచెయ్యి గోడ మీద పెట్టాలి. తీయకూడదు. మొదటి తలుపు వచ్చిందా, లోపలికి పోవాలి. మంచం కింద, బీరువాలో, స్నానాలగదిలో తడమాలి. బయటికి రావాలి. రెండో తలుపు. అయిందా?”

“ఒక్క తలుపు కూడా...?”

“వదలకూడదు.”

“ఎందుకు?”

“వదిలేసిన గదిలోనే మనిషి ఉంటాడు కాబట్టి. నాకంతా కంఠతా వచ్చమ్మా!”

“నోటికొచ్చు. కాళ్ళకి రాదు. కాళ్ళు తిన్నగా దుప్పట్ల గదికి పోతాయి. మీకు చెప్పే బదులు ఆ గోడకి చెప్పుకుంటే అదైనా వినేది. ఈ ఓడలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా మాట వినరు!”

“అంత కోపమైతే ఎట్లా తల్లీ. కడుపులో మంట పుడుతుంది, దాన్ని ఆర్పడానికి మా దగ్గర గొట్టాలు లేవు.”

“ఈ తలుపు కింద చెక్కముక్క ఎవరు పెట్టారు బాబాయ్?”

“ఏ చెక్కముక్క?”

“ఇదిగో, నా బూటు కింద ఉన్నది.”

“అదా... రెండు చేతుల్లో దుప్పట్లుంటాయి కదా తల్లీ, తలుపు మూసుకుపోతే ఎట్లా తెరిచేది? ముక్కుతోనా?”

“ఇది నిప్పుని ఆపే తలుపు. మూసి ఉంటేనే ఆపుతుంది. తెరిచిపెట్టిన తలుపు దేన్నీ ఆపదు. ఈ ముక్క నేను తీసుకెళ్తున్నా.”

“ఇంకోటి చెక్కుకుంటాలే.”

“చెక్కండి. అదీ తీసుకెళ్తా. ఇంకోటి చెక్కండి, అదీ తీసుకెళ్తా. మీరు విసుగొచ్చి మానేసేదాకా తీసుకెళ్తూనే ఉంటా!”

“వెళ్ళిపోయింది. చూశావా పాండెలిస్, కళ్ళల్లో నీళ్ళు.”

“చూశాలే.”

“వచ్చే వారం ఆ స్టోర్లో పడుకోనా పోనీ?”

“నీ మోకాళ్ళో?”

“మోకాళ్ళు ఎట్లాగూ పోయాయి.”

మరుసటి శనివారం డ్రిల్లు రాకముందే, బుధవారం నాడు, సిబ్బంది బట్టలారబెట్టే మిషన్ అంటుకుంది. మంట ఆరిపోయింది, నడవా నిండా పొగ మిగిలింది. మెట్ల మీద పాండెలిస్ ముసుగు తగిలించుకుంటూ రేడియోలో అరుస్తున్నాడు. పక్కన అనేస్తిస్, వెనక ముసుగు వేసుకున్న డెక్కు కుర్రాడు థోమాస్.

“మెల్పోగారూ! వినపడుతోందా? ఎక్కడున్నారు?”

“నడవాలో... ఎవరో తలుపు కొడుతున్నారనుకుని వచ్చాను. ఎవరూ లేరు. స్నానాలగది తలుపు, ఊగి ఊగి కొట్టుకుంటోంది. వెనక్కి తిరిగాను... మెట్లు ఎటో తెలీట్లేదు బోసన్‌గారూ. నా చెయ్యే నాకు కనపడట్లేదు.”

“ముసుగు లేకుండా, ఒక్కరే పోవద్దని మీరే కదమ్మా చెప్పేది!”

“తిట్లు తర్వాత. వినండి, నేను... మీకు తెలిసిందేగా... మీరెప్పుడూ...”

“ఎప్పుడూ ఏంటి? మెల్పోగారూ? అమ్మా?”

“పోయిందిరా రేడియో.”

“తెలుస్తోంది బాబాయ్! ఇదిగో, నా నడుముకి కట్టిన తాడు ఇది. కొస నీ చేతిలో ఉండాలి. ఏం జరిగినా వదలకు. థోమాస్, నా భుజం పట్టుకుని వెనకే రా.”

“పాండెలిస్, ఆగు. ఆవిడ దుప్పట్ల గదిలో ఉంది.”

“నీకెలా తెలుసు?”

“‘మీరెప్పుడూ’ అంది. మీరెప్పుడూ పోయే చోటు ఏది?”

“కాదు. ‘మీరెప్పుడూ వినరు’ అంటోంది. గోడ సంగతి చెప్తోంది, వరస సంగతి. ఆవిడ ఎప్పుడూ చెప్పేది అదేగా.”

“ఒరే, ఊపిరాడక చచ్చే మనిషి పాఠం చెప్తుందా?”

“ఆవిడైతే చెప్తుంది. తాడు వదులు కొంచెం కొంచెంగా. పోతున్నా.”

“పాండెలిస్! పాండెలిస్, రేడియోలో మాట్లాడుతూ ఉండు.”

“మొదటి తలుపు. లోపలికొచ్చా. ఏం కనపడట్లేదు బాబాయ్, కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే. మంచం కింద లేదు. బీరువా... లేదు. బయటికొస్తున్నా.”

“నీకు దండం పెడతా, మిగతావి వదిలెయ్. నడవా చివరికి పో.”

“రెండో తలుపు.”

“ఒరే మొండివాడా!”

“వదిలేసిన గదిలోనే ఉంటే? చెప్పు. నేను పక్కనుంచి పోయి, ఆవిడ ఆ తలుపు వెనకే పడుంటే? రేపు ఆవిడకి ఏం సమాధానం చెప్పను?”

“బతికుంటే కదరా సమాధానం అడిగేది!”

“అట్లా అనకు. అనకు బాబాయ్. రెండో గది ఖాళీ. గోడ మీదే ఉంది చెయ్యి. ఇన్నాళ్ళూ ఆవిడ మాట కాలికింద వేసి తొక్కా. కాఫీ చూపించి నవ్వా. ఇవాళ కూడా బుర్ర చెప్పినచోటికి పరుగెత్తనా? మూడో తలుపు.”

“పొగలో తప్పిపోయిన మనిషి ఎక్కడికి పోతుందిరా? తనకోసం వచ్చేవాళ్ళు ఎక్కడికి వస్తారో అక్కడికే పోతుంది. అది నడవా చివర, గోడ పట్టుకుంటే గుడ్డివాడైనా చేరతాడు. నేనే తప్పిపోతే అక్కడికే పోతా!”

“నువ్వు తప్పిపోకుండానే పోతావు.”

“వెక్కిరించకు, నాకు ఏడుపొస్తోంది.”

“నాకూ వస్తోంది. ఈ ముసుగులో తుడుచుకునే దారి లేదు. ఎవరో తగిలారు... ఆగు... కాదు. కోటు. తలుపుకి వేలాడుతోంది. ఖాళీ.”

“ఆ ఈల ఏంటి?”

“వీపు మీది సిలిండర్. గాలి అయిపోవస్తోంది.”

“అయితే వెనక్కి రా! తాడు లాగుతున్నా.”

“లాగకు! లాగావంటే కోసేస్తా. థోమాస్ సిలిండర్ కూడా ఈలేస్తోంది, వాణ్ణి పంపేస్తున్నా. తాడు పట్టుకుని వస్తాడు, అందుకో.”

“ఒంటరిగా పోకూడదురా! అది కూడా ఆవిడ మాటే!”

“ఆ ఒక్కటీ ఆవిడ కూడా వినలేదు. గోడ అయిపోయింది బాబాయ్. చివరి తలుపు.”

“తెరువు! తెరువు!”

“మూసి ఉంది. నీ చెక్కముక్క లేదు.”

“మళ్ళీ పెట్టలేదురా. ఆవిడ మీద ఒట్టు, పెట్టలేదు.”

“తలుపు వేడిగా లేదు. కింద ఏదో మెత్తగా తగులుతోంది... గుడ్డ. తడిగుడ్డ. లోపలనుంచి కుక్కారు. బాబాయ్, లోపలనుంచి!”

“చెప్పలా! నేను చెప్పలా!”

“ఉంది! ఉంది బాబాయ్, నీ దుప్పట్ల మీదే, నీ జాగాలోనే! లోపల పొగ పెద్దగా లేదు. అమ్మా! మెల్పోగారూ! నేనమ్మా, పాండెలిస్‌ని.”

“ఊపిరుందా?”

“ఉంది. దగ్గుతోంది. కళ్ళు తెరిచింది. ముసుగు ఆవిడకి పెడుతున్నా... ఏంటమ్మా? నెమ్మదిగా. ఎందుకాలస్యమా? వరసగా వచ్చానమ్మా. మీరు చెప్పినట్టే, కుడిచేత్తో గోడ పట్టుకుని. ఒక్క తలుపు వదల్లేదు. ఒట్టు, ఒక్కటి కూడా వదల్లేదు.”

“బోసన్‌గారూ... ఇన్నాళ్ళూ విననివాళ్ళు... ఇవాళే వినాలా నా మాట?”