మిద్దె మీద యాదగిరి కూత

"నానమ్మా, మా ఆఫీసుల కబడ్డీ పోటీలు పెడుతున్నరు. చిన్న తాతను ముఖ్య అతిథిగ పిలుద్దామని మావోళ్లు అంటున్నరు. పిలవమంటవా?"

కూసో శ్రావణి. ఆ లాప్‌టాప్ జర పక్కకు వెట్టు. నిలవడి అడిగే ముచ్చట గాదిది.

మీవోళ్లకు మా మరిది ఎట్ల తెలుసు? ఆ వీడియోల చూసిండ్రు గదా. నాకెరుకే. యాదగిరి రాష్ట్రం తరఫున ఆడినప్పుడు చూడనోళ్లందరు, హఫీజ్‌పేట్ స్టేషన్ల బెంచీ మీద తాగి పడుకున్నప్పుడు చూసిండ్రు. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు కింద. దానికి మల్ల ఏడుపు పాటొకటి కలిపిండ్రు. మా మరిది నిద్రకు పాటెక్కడిది బిడ్డా, గురక గాని.

నేను కాపురానికొచ్చినప్పుడు వాడింకా నిక్కర్ల పోరడు. వదినె వదినె అనుకుంట నా ఎనకనే తిరిగేటోడు, నేను నానవెట్టిన పల్లీలు ఖతం చేసేటోడు. నీ ఆఫీసు అద్దాల మేడ ఉన్నది సూడు, ఆ దిక్కే రాళ్లు ఏరి, ముగ్గుపిండితోని గీతలు గీసి ఆడేటోళ్లు. మన ఇంట్ల ముగ్గుపిండి ఎన్నడు నిలువలే. గప్పుడా జాగ గజం ఎంతకు పోయిందో చెప్పనా? వద్దుతియ్యి. చెప్తే, గంత అగ్గువకు ఇడిసిండని చచ్చిపోయిన మీ తాత మీద నీకు ఇప్పుడు కోపమొస్తది. ఏడున్న నేను? ఆఁ, వీడియో.

అది బయటవడ్డంక అందరికి పెద్ద మనసులొచ్చినయి. ఒకడు సర్కారుది తప్పన్నడు. ఒకడు ఆటగాళ్లంతా గిట్లనే అన్నడు. ఇంకొకడు, పెండ్లాం సరిగ సూసుకుంటలేదని రాసిండు. మా తోడికోడలు లక్ష్మి, మీ చిన్న నానమ్మ, అదేం చేసింది పాపం? వాంతులు కడిగింది, బడిల ఆయా కొలువు చేసింది, పిల్లను చదివించింది. ఆ రాతలు చూసినంక కూరగాయల బండి కాడికి గూడ పోవుడు బంద్ చేసింది. ఇంటోళ్లు అన్నం పెడతలేరని ఇంకొకడు. నేనేమో ఆ పొద్దు పచ్చిపులుసు పోసి, పప్పు వేసి, రొండుసార్లు వడ్డించి పంపిన. తిన్నది పేరుకు రాదు బిడ్డా, పడ్డది వస్తది.

జాలిపడ్డోళ్లు ఇంటికి గూడ వచ్చిండ్రు. సంచులల్ల ఆపిల్‌పండ్లు, బత్తాయిలు. వాడు తాగుబోతా, బాలింతనా?

అసలు వాని తాగుడు ఎట్ల మొదలైందో ఎవ్వలు అడగలే. గెలిస్తే తాపిండ్రు, ఓడితే తాపిండ్రు. ఆట కోటాల ఫ్యాక్టరీల కొలువొచ్చింది, మోకాలు పోయింది, ఆట బందైంది. అప్పటిసంది పెండ్లికి పో, చావుకు పో, అన్నా ఆ ఫైనల్ ముచ్చట చెప్పు అని గ్లాసు చేతిల వెట్టుడే. గ్లాసు లేకుంటే వానికి నోరు పెగలకుంట అయింది. తాపినోళ్లే పొద్దుగాల, గిట్ల తాగుతడేంది మనిషి అని అనేటోళ్లు.

వీడియో వచ్చినంక వానికీ సిగ్గైంది. వాని బిడ్డనే తీస్కపోయి దవాఖానల చూపిచ్చింది. గోలీలిచ్చిండ్రు. చేతులు వణికినయి, నిద్రపట్టలే, ఉత్తగనే కోపం. మెల్లమెల్లగ మనిషైండు. ఆ ఎండకాలమంతా ముట్టలే. లక్ష్మి ముఖంల మల్ల నవ్వు చూసిన నేను. ఆపె నవ్వితే పన్ను మీది పన్ను కనవడుతది, శానేండ్లకు చూసిన.

ఇగ గప్పుడే మన కాలనీవోళ్లు సన్మానం పెట్టిండ్రు. కమ్యూనిటీ హాలుల శాలువ, పెద్ద పూలదండ, మైకు. సెక్రటరీ సుధాకర్ సారు, కోస్తా ఆయన, మంచోడే, మైకుల ఏడ్చిండు. ఇలాంటి ఆణిముత్యాన్ని మనం పట్టించుకోలేదండి, తప్పు మనదేనండి అన్నడు. ఆయన ఎనక ఇంకొకాయన లేసి, తాగుడు మానాలె అని ముప్పావుగంట చెప్పిండు. శాలువ కప్పుకున్నోని ముందట. యాదగిరి తలకాయ వంచుకొని, తన పెండ్లిల కూసున్నట్టే కూసున్నడు.

అయిపోయినంక ఏమైంది? అందరు కింద అన్నాలకు లేసిండ్రు. సుధాకర్ సారు వచ్చి వాని భుజం మీద చెయ్యేసి, పైన చిన్న ఏర్పాటు ఉందండి అన్నడు. మన దగ్గర సన్మానం అంటే తెలుసు గదా. కింద శాలువ, పైన సీస. మిద్దె మీద కుర్చీలు గుండ్రంగ వేసిండ్రు, మటన్ ఫ్రై పంపిండ్రు. కుళ్లు ఏంలేదు బిడ్డా, మర్యాదే వాళ్లకు. ఇయ్యాల ఒక్కరోజుకు ఏమైతది అనుకున్నరు.

లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పైకి పోతుండు. ఈ మానుడు పోతే మల్ల నాతోని కాదు."

నేనేం చెయ్యాలె? లొల్లి చేస్తే మల్ల వీడియో. మెట్ల కమ్మి పట్టుకొని ఎక్కిన. ఈ మోకాళ్లతోని. ఎక్కి, గుండ్రంల నడుమ ఒక కుర్చీ గుంజుకొని కూసున్న. అందరు లేసి నిలవడ్డరు. కల్లు అంటవా, అందరం కలిసి తాగినోళ్లమే, మా అత్త నాకు పోసింది. గాని సీస మూత ఇంటి పెద్దామె ముందట తియ్యరు. ఎంత తాగుబోతైనా ఆ కట్టుబాటు తప్పడు.

"అమ్మా, మీరు కింద తినండమ్మా" అన్నడు సుధాకర్ సారు.

"దిగ వస్తలేదు నాయినా. మోకాళ్లు పట్టేసినయి" అన్న.

సీస టేబుల్ కింద సంచిలనే ఉన్నది. నాకు దాని మెడ కనవడుతనే ఉన్నది. యాదగిరికి గూడ. వాని నాలుక పెదవుల మీద తిరుగుతున్నది, చూస్తున్న.

ఆట ముచ్చట వినాల్నని వచ్చిండ్రు గదా, నేను చెప్త అన్న. మొదలువెట్టిన. ఆ ఫైనల్ల మా మరిది అవతలి దిక్కు పోయి, బీరిపోయి, పక్క గీత తొక్కి ఉరికొచ్చిండు, అవతలోళ్లు నవ్వుకుంట ఔటైండ్రు, గట్ల కప్పు వచ్చింది అని చెప్పిన. కొందరు నిజమే అనుకొని తలూపిండ్రు.

"వదినె, గీత తొక్కలే నేను" అన్నడు వాడు.

"తొక్కినవు. అందరు చూసిండ్రు."

అంతే. లేసిండు. మెడల దండ తీసి నేల మీద పొడుగ్గ పరిచిండు, అది నడిమి గీత. శాలువ నడుముకు బిగిచ్చి కట్టిండు. సుధాకర్ సారును మడమ పట్టుమన్నడు, ఇంకిద్దరిని నడుము, తొడ. ఫైనల్ల ముగ్గురు గట్లనే పట్టిండ్రట. వాడు కూత ఆపకుంట పాక్కుంట వచ్చి వేళ్లు గీతకు తాకిచ్చిండట. కూతంటే తెలుసు గదా, ఊపిరి ఇడువకుంట కబడ్డీ కబడ్డీ అనుడు. గీత ముట్టినంకనే ఇడువాలె, నడుమ ఇడిస్తే ఔట్.

కూతవెట్టిండు. సుధాకర్ సారు నిజంగనే పట్టిండు, పాపం, కండ్లద్దాలు ఊడిపోయినయి. వాడు బోర్ల పడి గుంజుకుంట వస్తున్నడు. నేను మెల్లగ నవ్వుదామనుకున్న గాని నవ్వు రాలే. దండకు జానెడు దూరంల కూత తెగింది. దగ్గొచ్చింది.

లక్ష్మి మెట్ల మీద నిలవడి ఉన్నది, ఎప్పుడొచ్చిందో.

వాడు అట్లనే బోర్ల పడుకొని, "ఔట్" అన్నడు. "ఇప్పుడైతే ఔట్. గప్పుడు ముట్టిన."

బిడ్డా, ఇన్నేండ్లల్ల ఆ ముచ్చట నేను ఎన్నిసార్లు విన్ననో. తాగి చెప్పినప్పుడల్ల గెలిచేటోడు. ఔటైన అని చెప్పింది గదే మొదలు. లేసి, లక్ష్మి తెచ్చిన నీళ్లు తాగిండు. కిందికొచ్చి అన్నం తిన్నడు. ఆ సంచి ఏమైందో నాకు తెల్వది, అడగలే.

గట్లని బాగైపోయిండు అనుకోకు. వానలల్ల మల్ల తాగిండు. మల్ల గోలీలు, మల్ల లక్ష్మి ఏడ్చుడు. ఈసారి ఎవ్వలు వీడియో తియ్యలే, అందుకే ఎవ్వలకు జాలి గూడ పుట్టలే. ఇంట్లనే వడ్డడు, ఇంట్లనే లేసిండు. దసరకు ముందటినుంచి మంచిగనే ఉన్నడు.

పిలువు, ఎందుకు పిలవవు. గాని శాలువ వద్దు. ముఖ్య అతిథి అంటే కూసునే పని, కూసుంటే వానికి పరేషాన్. ఈల చేతికిచ్చి ఎండల నిలవెట్టు, మీవోళ్ల తప్పులు పట్టమను. మీ పిల్లగాళ్లు గంటలకు గంటలు కుర్చీలల్ల కూసుంటరు, వాళ్ల ఊపిరి ఏపాటిదో వాడు చూస్తడు. ఆట అయినంక పార్టీ ఉంటది గదా మీకు? అప్పటికే వాన్ని బండెక్కియ్యి. లక్ష్మిని గూడ పిలువు. తిట్టినప్పుడు ముందుగాల యాదికొచ్చింది, పిలిచేటప్పుడు ఎవ్వలకు యాదికి రాదు.

అగో, మీ చిన్న తాత బాల్కనీల బట్టలు మడతవెడుతున్నడు. ఒక్క చీరెను గంతసేపు మడతవెడతరా ఎవలన్న? మన ముచ్చటే ఇంటున్నడు. ఇననీ.

ఏమంటడో నాకు తెల్వది. రేపు ఎట్లుంటడో అంతకన్న తెల్వది. నువ్వు సల్లగుండు బిడ్డా, నీ ఆఫీసు సల్లగుండ. పో, అడుగు. ఇయ్యాల మంచిగున్నడు, ఇయ్యాలనే అడుగు...