అల్మరాలో కంప్యూటర్

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, అక్క తమ్ముడి వైపు తిరిగింది.

“ఇంట్లో అందరి పాస్‌వర్డులూ దాచే యాప్ పెట్టావే, అవన్నీ అసలు ఎక్కడుంటాయిరా?”

“సొంత కంప్యూటర్లోనే అక్కా. బయట కంపెనీల చేతిలో పెట్టలేదు.”

“ఆ కంప్యూటర్ ఎక్కడుంది?”

“బావ ఇంట్లో, అల్మరాలో. అప్పట్లో ఆయనే కదా పెట్టింది.”

“విడాకులై ఏడాదైంది, ఇంకా బావేంట్రా? ఆయనకి తెలిసినవన్నీ నువ్వు మార్చుకోమన్నావనే కదా, రెండు రోజులు కూర్చుని ముప్ఫై పాస్‌వర్డులు మార్చాను! అవన్నీ ఆయన అల్మరాలోకే వెళ్ళాయా?”

“అక్కడికెళ్ళాకే మన ఫోన్లకి వస్తాయి. ఆయన చదవలేడులే, తాళం వేసే ఉంటాయి.”

“ఆ ఇంట్లో నాదంటూ ఒక్క చెంచా కూడా ఉండకూడదని సర్దుకొచ్చాను. ఇవాళే పట్టుకొచ్చెయ్.”

“తెస్తా. కాకపోతే ముందు ఆయన్ని అడగాలి.”

“నా తాళాలు నేను తెచ్చుకోవడానికి కూడా ఆయన పర్మిషనేనా?”